సాసేజీ పొట్లంలో ఏముంటుంది?

బళ్లారికో, హోసూరుకో పనిమీద వెళ్లినవారు పిల్లలు అడిగారని తిరుగు ప్రయాణంలో చికెన్ సాసేజీల పొట్లం కొని తేవడం సరిహద్దు పల్లెలలోనూ కొత్త కాదు. పొట్లం ముందువైపు కోడి బొమ్మ ఉంటుంది. లోపల ఏమున్నదీ వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉంటుంది. ఆ వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉంటే చాలునని నిబంధన. తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా మాత్రమే చదివే తల్లికి ఆ రాత ఉన్నా లేనట్టే.

మాంసాన్ని మెత్తగా రుబ్బి, గొట్టం వంటి తొడుగులో కూరి ఉడికించినదే సాసేజీ. పూర్వం యూరపులో పశువును కోసినప్పుడు మిగిలిన ముక్కలనూ కొవ్వునూ పారవేయక, ఉప్పు కలిపి, కడిగిన పేగులలో కూరి నిల్వ చేసుకొనేవారు. మన ఇళ్లలో ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టే మాంసపు వరుగుల వెనుక ఉన్న ఆలోచన కూడా అదే.

కర్మాగారంలో కండతోపాటు చర్మం, కొవ్వు కూడా కలుస్తాయి. చవక రకాలలో ఎముకలకు అంటుకొని మిగిలిన మాంసాన్ని యంత్రంలో సన్నని జల్లెడ గుండా ఒత్తి తీసిన ముద్దనూ వాడుతారు. రుబ్బేటప్పుడు నీళ్లకు బదులు మంచు వేస్తారు. మినప్పిండి వేడెక్కకుండా గ్రైండరులో చల్లని నీళ్లు పోయడం వంటిదే ఇది. వేడెక్కితే కొవ్వు కరిగి విడిపోతుంది. ఉప్పు మాంసంలోని ప్రోటీనును బయటికి లాగుతుంది. ఆ జిగురే నీటినీ కొవ్వునూ పట్టి ఉంచుతుంది. ఫాస్ఫేటు లవణాలు, సోయా ప్రోటీను, పిండిపదార్థం చేర్చితే మరింత నీరు నిలుస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, పొట్లం మీద రాసే ఉంటుంది. అయితే మాంసం ధరకు కొన్నదానిలో కొంత నీరేనని కొనేవారికి తెలియాలి. పదార్థాల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. రెండవ పేరు నీరైతే, మాంసం తరువాత ఎక్కువగా ఉన్నది నీరే. మాంసాహార గుర్తు ఏ జంతువు మాంసమో చెప్పదు. అందుకూ ఈ పట్టికనే చూడాలి.

ఇంట్లో ఉడికించిన కోడిమాంసం తెల్లబడుతుంది. సాసేజీ మాత్రం గులాబీ రంగులోనే ఉంటుందంటే, సాధారణంగా కారణం సోడియం నైట్రైటు. పట్టికలో దాని సంఖ్య 250. అది రంగు కోసమే కాదు. పాడైన సాసేజీలు తిని మనుషులు మరణించిన తీరును జర్మన్ వైద్యుడు యుస్టినస్ కెర్నర్ 1820ల ఆరంభంలో వివరించాడు. ఆ విషక్రిమికి బొటులినం అన్న పేరు సాసేజీకి గల లాటిన్ పేరు నుంచే వచ్చింది. నైట్రైటు ఆ క్రిమిని ఎదగనీయదు.

మరొక పక్కన, నైట్రైటు నుంచి క్యాన్సర్ కారక నైట్రోసమీనులు ఏర్పడగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో సాసేజీల వంటి శుద్ధి చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా. నూరుమందిలో 18 మందికి వస్తుందని దీని అర్థం కాదు. మామూలుగా ఉండే ముప్పు ఆ మేరకు హెచ్చుతుందని. పండుగకో పుట్టినరోజుకో తిన్నదాని గురించి కాదు, ప్రతిరోజూ బడి డబ్బాలో పెట్టేదాని గురించి ఈ లెక్క.

గడ్డకట్టించి అమ్మే పొట్లాన్ని మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచాలి. బస్సు ప్రయాణంలోనో, కరెంటు పోయిన రాత్రో మెత్తబడిన పొట్లాన్ని తిరిగి గడ్డకట్టించి దాచరాదు. ఇంకా చల్లగానే ఉంటే ఆ పూటే లోపలిదాకా కాలేలా వండుకోవాలి. గంటల తరబడి వెచ్చగా ఉండిపోయినదైతే పారవేయడమే మేలు.