పాత ప్లేటుకు కొత్త ముల్లు

1990లలో పంపుసెట్ల భారం పెరిగిన పూట దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి 48 దరిదాపులకు జారిపోయేది. ఏసీ సింక్రనస్ మోటారుతో తిరిగే రికార్డు ప్లేయరుకు వేగం నిర్ణయించేది వోల్టేజీ కాదు, ఆ హెర్ట్జే. విజయవాడలోనైనా, అదే గ్రిడ్ మీదున్న తమిళనాడు ధర్మపురి జిల్లా బొమ్మిడిలోనైనా, అలాంటి పూట ఘంటసాల పాట పెడితే ప్లేటు నాలుగు శాతం నెమ్మదించేది, శ్రుతి ముప్పాతిక స్వరస్థానం దాకా దిగిపోయేది. మెషీన్ ముసలిదైపోయిందని ఇంటివాళ్లు దాన్ని అటకెక్కించి ఉంటే వాళ్ల తప్పేమీ లేదు.

ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ వాటాకు మించి కరెంటు లాగిన రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలన్న పద్ధతి 2003 జనవరిలో దక్షిణాదికి వచ్చాక గ్రిడ్ దారికొచ్చింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పటి నిబంధన ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్ మధ్యే ఉండాలి. అటక మీది ప్లేయరును దించి బాగుచేసుకుందామనుకునేవారికి మొదటి రిపేరు సర్కారే చేసిపెట్టిందన్నమాట.

మిగిలింది ఇంట్లో చేసుకోవలసినది. అందులోనూ డబ్బు పెట్టదగ్గవి ముఖ్యంగా రెండే: ప్లేటు తిరిగే వేగం, ప్లేటును తాకే ముల్లు.

వేగం చూడటానికి పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం స్ట్రోబ్ డిస్కు. అంచున గీతలున్న గుండ్రటి కాగితం అది. 50 హెర్ట్జ్ కరెంటు మీద బల్బు సెకనుకు వందసార్లు మిణుకుతుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 180 గీతలుంటే అవి కదలకుండా నిలిచినట్టు కనబడతాయి. అమెరికాలో వాడే డిస్కుకు 216 గీతలుంటాయి. అది ప్రింటు తీసి ఇక్కడ వాడితే లెక్క తప్పుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. బల్బూ మోటారూ ఒకే కరెంటు మీద నడిస్తే, గ్రిడ్ నెమ్మదించినప్పుడు రెండూ కలిసే నెమ్మదిస్తాయి, గీతలు మాత్రం బుద్ధిగా నిలబడే ఉంటాయి. పైగా నేటి ఎల్‌ఈడీ దీపాలు చాలావరకు అలా మిణకవు. ఫోనును ప్లేటు మీద పెట్టి వేగం కొలిచే యాప్‌లే ఇప్పుడు నయం.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన టర్న్‌టేబుల్ సంగతి వేరు. 120 వోల్టుల మెషీన్ కదా అని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తారు. అది వోల్టేజీని తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. సింక్రనస్ మోటారైతే 33⅓ తిరగాల్సిన ప్లేటు 27.8 మాత్రమే తిరుగుతుంది. గాయని షడ్జమం పట్టిన చోట మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం వినబడుతుంది. మోటారు కప్పీని ఐదో వంతు ఎక్కువ లావున్నదానితో మార్చాలి, లేదా క్రిస్టల్ ఆసిలేటరుతో 60 హెర్ట్జ్ తయారుచేసి మోటారుకిచ్చే చిన్న సర్క్యూట్ కట్టాలి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌కు ఈ బెడద లేదు, వోల్టేజీ ఒక్కటీ సరిపోతే చాలు. 1979లో వచ్చిన మెషీనది.

ఆ క్రిస్టల్ సర్క్యూట్ కొత్త ఆలోచన కాదు. స్కాట్లండ్‌లోని లిన్ కంపెనీ 1973లో ఎల్పీ12 టర్న్‌టేబుల్ తెచ్చింది. 1982లో వాల్‌హల్లా అనే క్రిస్టల్ పవర్ సప్లై తయారుచేసి, పాత మెషీన్లలోనూ బిగించుకునేలా అమ్మింది. యాభై ఏళ్ల నాటి ఎల్పీ12కు ఇవాళ్టి బేరింగు, ముల్లును మోసే ఆర్మ్ తగిలించుకోవచ్చు. ఇంట్లో టర్న్‌టేబుల్ మార్పులు చేసేవాళ్ల పిచ్చికి ఊతమిచ్చిన మెషీన్లలో ఇదొకటి. ఖర్చుకు అంతుండదన్న మాటా నిజమే.

ఇక ముల్లు. మన ఇళ్లలో సాధారణంగా 78 ప్లేట్లూ ఎల్పీలూ రెండూ ఉంటాయి. 1960లలో కూడా మన దేశంలో 78లు అచ్చయ్యేవి. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు, 78ది 76. సన్నమొన 78 గాడి అడుగున పడి బరబర చప్పుడే వినిపిస్తుంది, పద్యం వినబడదు. ముల్లును పట్టి ఉంచే భాగం కార్ట్రిడ్జ్. ఆడియో టెక్నికా వీఎం95 రకం మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లో బాడీ మార్చకుండా ముల్లు ఒక్కటే లాగి వేరేది తొడగవచ్చు. ఎల్పీలకు రకరకాల మొనలు, 78లకు విడిగా మరొకటి దొరుకుతాయి.

కార్ట్రిడ్జ్ మార్చే పని గంటలో అయిపోతుంది, చెయ్యి వణక్కపోతే. వెనక నాలుగు సన్నటి తీగలుంటాయి: తెలుపు, నీలం ఎడమ వైపువి, ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి. తీగ పట్టుకు లాగకుండా చివరి తొడుగును పట్టకారుతో పట్టాలి. పిన్నుల మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు, లోపలి కాయిల్ మాడిపోతుంది. తర్వాత ఆర్మ్‌ను లోపలికి జారనివ్వని యాంటీస్కేట్‌ను సున్నాకు తిప్పి, వెనక బరువును జరుపుతూ ఆర్మ్ గాలిలో తేలేలా చేయాలి. అక్కడ అంకెల రింగును సున్నా చేసి, ముల్లుకు చెప్పిన బరువు దాకా, సాధారణంగా 2 గ్రాములకు అటూ ఇటూ, తిప్పాలి. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసుంటే ఖాయం చేసుకోవచ్చు. చివరగా కోణం. ఆర్మ్ వంపు తిరుగుతుంది గనుక ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రెండే చోట్ల. పెర్సీ విల్సన్ ఈ లెక్కను 1924లోనే ఇంగ్లండు పత్రిక గ్రామఫోన్‌లో రాశాడు. నేడు ఎక్కువగా వాడే కొలతలో ఆ బిందువులు కేంద్రం నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. అచ్చేసిన కాగితం స్కేలు ఇందుకు చాలు.

హెచ్ఎంవీ ఫియస్టా, కాలిప్సో లాంటి పెట్టె ప్లేయర్లకు మాత్రం ఈ ముచ్చట తీరదు. వాటి ఆర్మ్ బరువైనది, క్రిస్టల్ లేదా సెరామిక్ కార్ట్రిడ్జ్‌కు సరిపడేలా చేసింది. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే, దానికి ఫోనో ప్రీయాంప్ విడిగా కావాలి. పైగా పక్కనున్న మోటారు హోరంతా అది పట్టేస్తుంది. ఫియస్టాకు అసలు రకం ముల్లు వేసి, గట్టిపడిన రబ్బరు చక్రమో బెల్టో మార్చి, బేరింగులో రెండు చుక్కల నూనె పోసి వదిలేయడమే మర్యాద.

తోలు మ్యాట్లు, ఖరీదైన వైర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు స్పీకర్లను టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీది నుంచి దించాలి. పైసా ఖర్చు లేని ఈ పని గూంకారాన్ని సగం పోగొడుతుంది. సామాన్లకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఉంది. బొమ్మిడి వైపు వాళ్లు రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లొచ్చు.

అడుగు మూత తెరిచే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గు పీకేయండి. మోటారు దగ్గర ఉండేది 230 వోల్టులు. విప్పిన పాత భాగాలను పారేయక ఒక డబ్బాలో దాచండి. రేపు మెషీన్ అమ్మాల్సివస్తే కొనేవాళ్లు ముందుగా అడిగేది వాటినే.