పాత కార్డు గుట్టు

పిల్లలూ! ధర్మవరం జాకార్డ్ మగ్గం మీద చిల్లుల అట్టలు చూశారా? పేక పోగు వేసేటప్పుడు ఏ పడుగు పోగులు పైకి లేవాలో ఒక్కో అట్ట చెబుతుంది. వాటి గ్రాఫు కాగితం పోతే ఏ అట్ట ఏ బుటాదో తెలియడం కష్టం.

పాత కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డూ అంతే. బొమ్మను చుక్కలుగా దాచుకొని మానిటరుకు పంపడం దాని పని. 1981లో ఐ.బి.ఎం. రెండు కార్డులు తెచ్చింది: అక్షరాలకు ఎం.డి.ఎ., రంగులకు సి.జి.ఎ. రంగుల కార్డు తెరపై 320 × 200, అంటే 64,000 చుక్కలు, 4 రంగుల్లో చూపేది. చుక్కకు 2 బిట్ల చొప్పున 16,000 బైట్లు. అందుకే దానికి 16 కిలోబైట్ల మెమరీ ఇచ్చారు.

రెండింటికీ 9 పిన్నుల సాకెట్టే! కాని ఎం.డి.ఎ. సెకనుకు సుమారు 18,400 గీతలు పంపితే, సి.జి.ఎ. పంపేది సుమారు 15,700. ఎం.డి.ఎ. మానిటరును రంగుల కార్డుకు తగిలిస్తే అది చెడిపోవచ్చు.

అందుచేత ముందు కరెంటు ఇవ్వకండి. తయారీదారు పేరు, బోర్డు మీది నంబరు రాసుకోండి. చిప్పు నంబరు ఒక్కటే చాలదు. మోటరోలా 6845 చిప్పు రెండింటిలోనూ ఉంది. ఆ వివరాలతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన మాన్యువల్ వెదకండి.

హిందూపురంలోనో, పెనుకొండలోనో ఏ బీరువాలోనైనా పాత మాన్యువల్ దొరికితే తూకానికి వేయకండి. ఆ కార్డుకు అదే గ్రాఫు కాగితం!

ఇక మీరు చెప్పండి: 640 × 200 చుక్కలు, 2 రంగులు. ఎన్ని బైట్లు కావాలి?