న్యూయార్క్ కెటిల్ ఎందుకు ఓడిపోయింది?

లండన్‌లో ఒక ఇంట్లోనూ, న్యూయార్క్‌లో ఒక ఇంట్లోనూ ఒకే క్షణాన రెండు ఎలక్ట్రిక్ కెటిళ్ళకు స్విచ్ వేశారనుకుందాం. రెండింటిలోనూ సరిగ్గా లీటరు నీళ్ళు. రెండింటిలోనూ నీళ్ళ వేడి 25 డిగ్రీలే. కెటిళ్ళు రెండూ మంచివే, కొత్తవే. రెండు నిమిషాలు అయిందో లేదో, లండన్ కెటిల్ సలసల మరిగి టిక్కుమని ఆగిపోతుంది. న్యూయార్క్ కెటిల్ అప్పటికి సగం దారిలోనే ఉంటుంది. లండన్ ఆసామీ టీ కలుపుకుని, ఊదుకుంటూ మొదటి గుక్క తాగుతూండగా న్యూయార్క్ ఆసామీ కెటిల్ కేసి చూస్తూ నిలబడి ఉంటాడు.

తేడా నీళ్ళలో లేదు, కెటిల్ చేసినవాడి పనితనంలోనూ లేదు. గోడలో ఉంది.

ముందు చిన్న లెక్క చేద్దాం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కాలరీ ఉష్ణం కావాలని మీరు చదువుకునే ఉంటారు. లీటరు నీళ్ళంటే 1000 గ్రాములు. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్ళాలంటే 75 మెట్లు ఎక్కాలి. వెరసి 75,000 కాలరీలు. ఒక కాలరీ అంటే సుమారు 4.2 జౌళ్ళు కనుక 3,15,000 జౌళ్ళు. ఇది ప్రకృతి వసూలుచేసే సుంకం. లండన్‌లో ఎంతో న్యూయార్క్‌లోనూ అంతే, మన విజయవాడలోనూ అంతే. కట్టెలతో కట్టినా, కరెంటుతో కట్టినా పైసా తగ్గదు. మీటరు లెక్కలో చెప్పాలంటే ఒక యూనిట్ కరెంటుతో పదకొండు లీటర్ల పైచిలుకు నీళ్ళు మరిగించవచ్చు.

సుంకం ఒకటే. దాన్ని ఎంత తొందరగా కడతామన్నదే తేడా. వాట్ అంటే సెకనుకు ఒక జౌలు. బ్రిటన్‌లో కెటిళ్ళు చాలావరకు 3000 వాట్లవి. 3,15,000ను 3000తో భాగించండి: 105 సెకన్లు. అమెరికా కెటిల్ 1500 వాట్లది. దానికి 210 సెకన్లు. పక్కలనుంచి కొంత వేడి గాలిలోకి పోతుంది, కెటిల్ కూడా వేడెక్కాలి, కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

“అమెరికావాళ్ళు కూడా 3000 వాట్ల కెటిల్ చేసుకోరాదా?” అని మీరు అడగవచ్చు. చేసుకోవచ్చు. కాని దాన్ని తగిలించడానికి వంటింటి గోడలో చోటు లేదు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. బ్రిటన్‌లో ఇంటి కరెంటు 230 వోల్టులు. 3000 వాట్లు రావాలంటే 13 ఆంపియర్లు చాలు. అమెరికాలో మామూలు సాకెట్‌కు వచ్చేది 120 వోల్టులు. అదే 3000 వాట్లకు అక్కడ 25 ఆంపియర్లు కావాలి. ఆ సాకెట్లు 15 ఆంపియర్లకో, మహా అయితే 20 ఆంపియర్లకో కట్టినవి.

బలవంతంగా 25 ఆంపియర్లు లాగితే ఏమవుతుంది? కెటిల్‌లో నీళ్ళకంటే ముందు గోడలో తీగ కాగుతుంది! తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. పైనున్న రబ్బరో ప్లాస్టిక్కో కరిగి ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకనే అక్కడి కెటిల్ 1500 వాట్ల దగ్గర బుద్ధిగా ఆగిపోయింది. (అమెరికా ఇళ్ళకు 240 వోల్టులు రావని కాదు. పెద్ద పొయ్యిలకూ, బట్టలారబెట్టే యంత్రాలకూ వాళ్ళు అవే వాడుకుంటారు. కెటిల్‌కు మాత్రం ఆ భాగ్యం లేదు.)

మరి ఇంత పెద్ద దేశం తక్కువ వోల్టులు ఎందుకు ఎంచుకుంది? కెటిల్‌ను చూసి ఎంచుకోలేదు, బల్బును చూసి ఎంచుకుంది. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రం తెరిచినప్పుడు కరెంటుతో జనానికి ఉన్న పని ఒక్కటే, దీపం. ఆనాటి బల్బులో ఉండేది బొగ్గు పోగు. దానికి 110 వోల్టులు చక్కగా సరిపోయాయి. తరువాత లోహపు పోగులు వచ్చాయి, ఎక్కువ వోల్టులను తట్టుకునే బల్బులూ వచ్చాయి. యూరప్ నగరాలు క్రమంగా 220 దారి పట్టాయి. అమెరికాలో మాత్రం అప్పటికే ఇంటింటా పాతవి పాతుకుపోయాయి. అవన్నీ పీకించేదెవరు? అలా బల్బు కోసం వేసిన లెక్కకు నేటికీ కెటిల్ కట్టుబడి ఉంది.

బ్రిటన్ కథ వేరు. 1947లో అక్కడ ఒక కొత్తరకం ప్లగ్గును ప్రమాణంగా ప్రకటించారు. మూడు చదరపు కాళ్ళ బండ ప్లగ్గు అది, కాలికింద పడితే తెలుస్తుంది! దాని కడుపులోనే ఒక ఫ్యూజు ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ 13 ఆంపియర్లు. ఇంట్లో ఏ గదిలో ఏ సాకెట్‌కైనా అదే ప్లగ్గు. 13ను 230తో గుణించి చూడండి, 2990 వస్తుంది. కెటిల్ చేసేవాళ్ళు ఆ గీతను ముట్టుకునేదాకా వచ్చి ఆగారన్నమాట.

ఈ తొందర కెటిళ్ళు ఒక్కొక్కటిగా బాగానే ఉంటాయి. అందరూ ఒకేసారి స్విచ్ వేస్తేనే వస్తుంది చిక్కు. 1990 జులై 4న ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు సెమీఫైనల్లో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ తలపడ్డాయి. ఆట సమంగా ముగిసి పెనాల్టీలదాకా వెళ్ళింది. ఇంగ్లండ్ ఓడింది. దేశంలో సగం మంది ఊపిరి బిగబట్టి టీవీ ముందు కూర్చున్నారేమో, ఆట అయిపోగానే లేచి వంటింట్లోకి నడిచారు. కొన్ని నిమిషాల్లో కరెంటు వాడకం 2800 మెగావాట్లు ఎగబాకింది! అంతా కెటిళ్ళే అనుకుంటే తొమ్మిది లక్షల పైచిలుకు కెటిళ్ళు. నిజానికి అందులో దీపాల వంతూ, కుళాయిలకు నీళ్ళెక్కించే పంపుల వంతూ కూడా ఉన్నాయి.

వాడకం హఠాత్తుగా పెరిగితే దేశంలో తిరుగుతున్న జనరేటర్లన్నీ, ఎత్తెక్కుతున్న బండి ఎద్దుల్లా, ఒక్కసారి నెమ్మదిస్తాయి. సెకనుకు 50 సార్లు ఊగవలసిన కరెంటు అంతకంటే తక్కువసార్లు ఊగుతుంది. మరీ పడిపోతే ఊళ్ళకు ఊళ్ళే చీకటవుతాయి. బొగ్గు కేంద్రాన్ని నిమిషంలో పరుగెత్తించలేం. అందుకని వేల్స్‌లో ఒక కొండను లోపల తొలిచి, 1984లో డినోర్విగ్ అనే జలవిద్యుత్కేంద్రం తెరిచారు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. రాత్రి కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతారు, గిరాకీ పెరిగినప్పుడు వదులుతారు. తోడడానికి పట్టిన కరెంటులో దాదాపు నాలుగో వంతు తిరిగిరాదు, అయినా సరేననుకున్నారు. ఎందుకంటే యంత్రాలను ముందుగా ఉత్తినే తిప్పుతూ సిద్ధంగా ఉంచితే, 12 సెకన్లలో 1320 మెగావాట్లు అందించగలదది! టీవీలో ఏ కార్యక్రమం ఎప్పుడు ముగుస్తుందో చూసుకుంటూ కూర్చోవడం అక్కడి కరెంటు ఇంజనీర్ల ఉద్యోగంలో భాగంగా ఉండేది. ఇప్పుడు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు చూసుకుంటున్నారు కనుక ఆ పోటు తగ్గింది. నీళ్ళు పైకి తోడగల ఇటువంటి యంత్రాలు మనకు నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ ఉన్నాయి.

జపాన్‌లో ఇంటి కరెంటు ఇంకా తక్కువ, 100 వోల్టులే. పైగా తూర్పు జపాన్‌లో కరెంటు సెకనుకు 50 సార్లు, పశ్చిమాన 60 సార్లు ఊగుతుంది. కెటిల్‌కు ఆ సంగతి పట్టదు, వేడి పుట్టించడానికి ఎన్నిసార్లు ఊగినా ఒకటే. తొందరగా మరిగించలేకపోతే ఏం చెయ్యాలి? ముందే మరిగించి దాచుకోవాలి. జపాన్ ఇళ్ళలో ఫ్లాస్కులాంటి పెద్ద ఎలక్ట్రిక్ పాత్ర ఒకటి పొద్దుటినుంచి రాత్రిదాకా నీళ్ళను వేడిగా ఉంచుతుంది, మీట నొక్కితే నీళ్ళు పోస్తుంది. అక్కడి ఆకుపచ్చ తేయాకు మరిగే నీళ్ళలో వేస్తే చేదెక్కుతుంది. చాలా రకాలకు 70, 80 డిగ్రీలు చాలు. ఆ పాత్ర మీద వేడి ఎంచుకునే మీటలు ఉండేది అందుకే.

ఇంతకీ, నీళ్ళు మరిగాయని కెటిల్‌కు ఎలా తెలుస్తుంది? లోపల ఉష్ణమాపకం ఉండి 100 డిగ్రీలు రాగానే ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే ఎంత ప్రమాదమో చూడండి. ఆ కెటిల్‌ను లేహ్‌కు పట్టుకెళ్ళారనుకోండి. లేహ్ సముద్రమట్టానికి దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకుమించి ఒక్క డిగ్రీ ఎక్కవు. పాపం, 100 కోసం ఎదురుచూసే కెటిల్ నీళ్ళన్నీ ఆవిరైపోయేదాకా ఎదురుచూస్తూనే ఉంటుంది!

తెలివైన ఉపాయం వేరే ఉంది. 1955లో ఇంగ్లండ్‌లో రసెల్, హాబ్స్ అనే ఇద్దరు తమ కెటిల్‌లో నీళ్ళ వేడిని పట్టించుకోవడం మానేసి, ఆవిరి కోసం కాపు పెట్టారు. పైభాగాన సన్నటి దారి. ఆ దారి చివర రెండు లోహాలు అతికించిన చిన్న బద్ద. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది, దాంతో బద్ద వంగుతుంది. ఇస్త్రీపెట్టెలో ఉండేది కూడా ఇటువంటిదే. నీళ్ళు నిజంగా మరిగితేనే ఆవిరి తోసుకొచ్చి బద్దను తాకుతుంది, బద్ద వంగి స్విచ్ తీసేస్తుంది. కెటిల్ మూత తెరిచి ఉంచితే ఎంతసేపటికీ ఆగకపోవడానికి కారణం కూడా ఇదే: ఆవిరి పైకి పోతుంది, బద్ద దాకా రాదు.

ఇంకో కాపలాదారు అడుగున ఉంటాడు. నీళ్ళు ఉన్నంతసేపూ వేడినంతా అవే లాగేసుకుంటాయి కనుక అడుగు 100 డిగ్రీలను పెద్దగా దాటదు. నీళ్ళు లేకుండా స్విచ్ వేస్తే లాక్కునేవాళ్ళు లేక క్షణాల్లో మండిపోతుంది. అప్పుడు కింద ఉన్న మరో బద్ద వంగి కరెంటు తెంచుతుంది. ఇవేవీ లేని పాత కెటిళ్ళు, నీళ్ళలో ముంచే హీటర్ కడ్డీలు ఎవరూ చూడనప్పుడు ఎండిపోయి ఎన్నో ఇళ్ళలో నిప్పు పెట్టాయి.

కరెంటు లేనిచోట కూడా జనం తెలివిగానే మరిగించుకున్నారు. టిబెట్‌లో మరిగే నీళ్ళు మనంత వేడిగా ఉండవని అనుకున్నాం గదా. అందుకు తగ్గట్టే వాళ్ళు అచ్చుపోసిన గట్టి తేయాకును చాలాసేపు ఉడకబెట్టి, ఉప్పూ వెన్నా వేసి చిలికి తాగుతారు. ఎండ మెండు, కట్టెలు కరువు కనుక, పెద్ద పుటాకార దర్పణం నడుమ కెటిల్ వేలాడదీసి సూర్యుడితోనే మరిగించే ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి.

రష్యావారి సమవార్ మరీ అందమైనది. ఆ పేరుకు అర్థం ‘తనంతట తాను మరిగేది’ అని. ఇత్తడి పాత్ర నడుమ నిలువుగా ఒక గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. నిప్పు చుట్టూ అన్నివైపులా నీళ్ళే ఉంటే వేడి ఎటు పోతుంది? మన ఇళ్ళలో స్నానానికి వేణ్ణీళ్ళు కాచిన రాగి బాయిలర్ సరిగ్గా ఈ పద్ధతిదే. మీ అమ్మమ్మగారిని అడగండి, అటకమీద ఇంకా ఉండవచ్చు. రష్యాలో దూరప్రయాణాల రైళ్ళలో ఇప్పటికీ పెట్టెకొక వేణ్ణీళ్ళ బాయిలర్ ఉంటుంది, గ్లాసు పట్టుకెళ్ళి నింపుకోవడమే.

అంతా బాగానే ఉంది గాని, మన వంటింట్లో కెటిల్ ఎందుకు కుదురుకోలేదు? మనం టీ ‘పోసుకోం’, టీ ‘కాస్తాం’. నీళ్ళు, పాలు, చక్కెర, ఆకు అన్నీ ఒకే గిన్నెలో మరగాలి. పాలు కెటిల్‌లో పోస్తే మాంసకృత్తులు అడుగున అంటి మాడతాయి. నురగ లేచి ఆవిరి దారిని కమ్మేసి పొంగుతుంది. ఆవిరి కోసం కూర్చున్న కాపలాదారుకు ఏం జరుగుతోందో అంతుపట్టదు. అందుకే ఇక్కడ కెటిల్ హాస్టల్ గదుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ ఒక జాగ్రత్త కావాలి: మన గోడల్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. ఆరును 230తో గుణిస్తే 1380 వాట్లే. కెటిల్ అడుగున అంతకంటే ఎక్కువ వాట్లు రాసి ఉంటే దాని చోటు పెద్ద సాకెట్, ఫ్యానూ లైటూ ఇప్పటికే వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ పెట్టె కాదు.

మీ ఇంట్లో కెటిల్ ఉంటే పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని ఒక పరీక్ష చెయ్యండి. లీటరు నీళ్ళు కొలిచి పొయ్యండి. నీళ్ళ వేడి ఎంతో, అడుగున రాసిన వాట్లు ఎన్నో కాగితం మీద రాసుకోండి. స్విచ్ వేసి గడియారం చూడండి, చెవి కూడా ఒగ్గండి. ముందు సన్నగా రొద వినిపిస్తుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్ళలోకి రాగానే కుప్పకూలిపోయే చప్పుడది. రొద పెరిగి పెరిగి, నీళ్ళంతా కాగాక బుడగలు బతికి పైదాకా వస్తాయి, మోత బొంగురై తగ్గిపోతుంది. టిక్కుమన్నాక సెకన్లు లెక్కపెట్టండి. లెక్క ప్రకారం 210 రావలసినచోట మీకు 240 వస్తే, ఆ 30 సెకన్ల కరెంటు ఎక్కడెక్కడికి పోయిందో జాబితా రాయగలరా?