ఊళ్ళో విద్యార్థి, నగరంలో పరికరం: మధ్యలో వీపీఎన్

ఇంజనీరింగ్ చదివే పేద పిల్లవాడికి ల్యాప్‌టాప్ కొనిచ్చిన దాతలు సహజంగానే ఒక మాట అడుగుతారు: "కంప్యూటర్ ఉంది, ఇంటర్నెట్ ఉంది, ఇంకా ప్రయోగశాల ఎందుకు?" కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాం నిజమైన మోటారును, హీటరును సరిగ్గా నడుపుతుందో లేదో ఆ పరికరానికి కలిపి చూస్తేనే తెలుస్తుంది. తెర మీది బొమ్మ చెప్పినట్టే వింటుంది. నిజమైన లోహం మాత్రం వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, గాలి తగిలితే చల్లబడుతుంది. ఆ తేడాను సరిదిద్దడం నేర్చుకున్న వాడే ఉద్యోగంలో నిలబడతాడు.

అయితే ఇటువంటి పరీక్షా పరికరాలు ఖరీదైనవి. కుప్పంలోనో మదనపల్లెలోనో చదువుకుంటూ సెలవులకు రామకుప్పం వచ్చిన విద్యార్థికి అవి అందవు. అందుకే పరికరాన్ని దాని చోటే ఉంచి, విద్యార్థిని దూరం నుంచి దానికి కలిపే పద్ధతి వచ్చింది. 1998లోనే అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ హెసూస్ డెల్ అలామో, విద్యార్థులు ఎక్కడి నుంచైనా నిజమైన ట్రాన్సిస్టర్లను పరీక్షించే ఏర్పాటు చేశారు.

మన దేశంలో ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య బృందం ఒక చిన్న బోర్డు తయారు చేసింది. దాని మీద ఒక ఉక్కు పలక, దాన్ని వేడి చేసే నిక్రోమ్ తీగ, చల్లార్చే ఫ్యాను, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు ఉంటాయి. విద్యార్థి ముందుగా సమయం బుక్ చేసుకుని, తన ఊరి నుంచే సైలాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పలక వేడిని అదుపు చేయవచ్చు. హైదరాబాదులోని ఐఐఐటీ పాఠశాల స్థాయి ప్రయోగాలను కూడా ఇలా అందుబాటులోకి తెచ్చింది. గాజు కడ్డీ నూనెలో మునిగితే కనపడకుండా పోయే ప్రయోగం అందులో ఒకటి. ఆదేశం ఇక్కడి నుంచి వెళుతుంది, అక్కడ మోటారు కడ్డీని దించుతుంది, కెమెరా చూపిస్తుంది.

కొన్ని ప్రయోగశాలలు ఇలా వెబ్‌సైటు ద్వారానే తెరుచుకుంటాయి. చాలా పరికరాలు మాత్రం సంస్థ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంటాయి, బయటివారికి కనపడవు. అక్కడే వీపీఎన్ అవసరం. ఒక ఉత్తరాన్ని సీలు వేసిన కవరులో పెట్టి తపాలాలో పంపామనుకోండి. మోసేవారికి పైనున్న చిరునామా తప్ప లోపలి విషయం తెలియదు. సంస్థ గేటు దగ్గర కవరు విప్పి, లోపలి ఉత్తరాన్ని సరైన గదికి చేరుస్తారు. వీపీఎన్ చేసేది ఇంచుమించు ఇదే. దానివల్ల రామకుప్పంలోని ల్యాప్‌టాప్ ఆ సంస్థ ఆవరణలో ఉన్నట్టే పనిచేస్తుంది.

అయితే వీపీఎన్ దారిని భద్రం చేస్తుంది గాని దూరాన్ని తగ్గించదు. రియల్ టైమ్ పరికరాల విషయంలో ఇది ముఖ్యం. వీటిలో జవాబు సరైనదైతే చాలదు, సమయానికి రావాలి. ఒక మోటారును సెకనుకు 1000 సార్లు సరిదిద్దాలంటే ఒక్కో నిర్ణయానికి దొరికేది 1 మిల్లీసెకను. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకు హైదరాబాదు నేరుగా కొలిచినా సుమారు 500 కిలోమీటర్లు. అంటే వెళ్ళి రావడానికే 5 మిల్లీసెకన్లు. దారిలోని యంత్రాల దగ్గర ఆగే సమయం దీనికి అదనం. కనుక వేగమైన నిర్ణయాలు పరికరం పక్కనున్న కంప్యూటరే తీసుకోవాలి. విద్యార్థి దూరం నుంచి ప్రోగ్రాం పంపి, ఫలితం తెచ్చుకుంటాడు. ఉక్కు పలక వేడి నిదానంగా మారుతుంది కాబట్టే దాన్ని దూరం నుంచి నేరుగా అదుపు చేయడం వీలవుతోంది.

భద్రత సంగతీ ఉంది. ప్రయోగం మధ్యలో మన ఊళ్ళో కరెంటు పోతే అక్కడి హీటరు వెలుగుతూ ఉండకూడదు. కొంత సమయం వరకు ఆదేశం రాకపోతే పరికరం తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. ప్రతి విద్యార్థికీ వేరే పాస్‌వర్డ్ ఉండాలి. అది ఆ సంస్థ ఇంటి తాళంచెవి వంటిది, గోడ మీద రాసిపెట్టేది కాదు.

ఇక దాతలు గమనించవలసిన విషయం. ఇటువంటి సదుపాయానికి మన వైపు లక్షల రూపాయల పరికరాలు అక్కరలేదు. తెగిపోని ఇంటర్నెట్ లైను, కరెంటు పోయినా కాసేపు నిలిపే యూపీఎస్, ప్రశాంతంగా కూర్చునే ఒక బల్ల, అనుమతి కోసం సంస్థకు ఉత్తరం రాసి సమయాలు బుక్ చేయించే ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవి వృథా. బుక్ చేసుకున్న గంటలో లైను తెగితే ఆ అవకాశం మరొకరికి పోతుంది.

దూరపు ప్రయోగశాల చేతిపనికి బదులు కాదు. వైరు కలపడం, టంకం వేయడం, కాలిన వాసన గుర్తుపట్టడం పరికరం ముందు నిలబడితేనే వస్తాయి. కానీ కాలేజీలో వారానికి ఒక్కసారి, నలుగురి వెనుక నిలబడి చూసిన ప్రయోగాన్ని ఇంటి దగ్గర పదిసార్లు స్వయంగా చేసుకునే వీలు ఇందులో ఉంది. ల్యాప్‌టాప్ ఇచ్చే చేతులు ఆ లైను సంగతి, యూపీఎస్ సంగతి, ఆ ఉపాధ్యాయుడి సంగతి కూడా ఒకసారి అడగాలని మనవి.