పిల్లలకు రాత్రి పదకొండింటికే కర్ఫ్యూ!

కర్ఫ్యూ అనగానే మనకు అల్లర్లు గుర్తొస్తాయి. లేదంటే కరోనా రోజులు. అమెరికాలో చాలా ఊళ్లలో మాత్రం ఏ గొడవా లేకపోయినా రోజూ రాత్రి కర్ఫ్యూనే. అయితే అది పెద్దలకు కాదు, పిల్లలకు! టైమ్ దాటాక టీనేజర్ రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు ఆపేసి 'వయసెంత? ఎక్కడికి?' అని అడుగుతారు. మరి దీనివల్ల పిల్లలకు నిజంగా మేలు జరుగుతోందా?

అమ్మ పంపితే ఓకే... ఆగితే తప్పు

మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన డాలస్‌నే చూడండి. 1991లో అక్కడి సిటీ కౌన్సిల్ ఒక నిబంధన తెచ్చింది. 17 ఏళ్లు నిండనివాళ్లు మామూలు రోజుల్లో రాత్రి 11 నుంచి, శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా బయట తిరగకూడదు. దొరికితే 500 డాలర్ల వరకూ ఫైన్. తెలిసీ వదిలేసిన తల్లిదండ్రులకూ, షాపులో కూర్చోనిచ్చిన యజమానికీ అదే శిక్ష!

మినహాయింపులూ ఉన్నాయనుకోండి. అమ్మో నాన్నో పక్కనుంటే ఫర్వాలేదు. పని చేసుకుని ఇంటికొస్తున్నా, సొంతింటి ముందు ఫుట్‌పాత్ మీద నిలబడినా అడగరు. అమ్మ ఏదైనా తెమ్మని పంపినా వెళ్లొచ్చు. కానీ దారిలో ఎక్కడా ఆగకూడదు!

ఈ నిబంధన సరైనదేనని 1993లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. 1997లో మరో అప్పీల్ కోర్టు మాత్రం శాన్ డియాగో కర్ఫ్యూని కొట్టేసింది. పిల్లల స్వేచ్ఛకే కాదు, వాళ్లను ఎలా పెంచాలో నిర్ణయించుకునే తల్లిదండ్రుల హక్కుకీ అది అడ్డేనంది.

నేరాలు తగ్గాయా?

కర్ఫ్యూ పెట్టేది నేరాలు తగ్గాలనే కదా. కానీ 12 అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, దీనివల్ల నేరాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. వాషింగ్టన్ నగరంలో ఇంకో విచిత్రం బయటపడింది. అక్కడ వేసవిలో అర్ధరాత్రికి మొదలయ్యే కర్ఫ్యూ, సెప్టెంబర్ 1 నుంచి మామూలు రోజుల్లో 11కే మొదలయ్యేది. తుపాకీ చప్పుళ్లను పట్టే సెన్సర్ల లెక్కలు తీస్తే, ఆ గంటలో కాల్పులు తగ్గకపోగా పెరిగాయి! మంచి పిల్లలు ఇంటికి పోతే వీధిలో చూసే కళ్లు తగ్గిపోతాయనీ, అది తుపాకీ పట్టినవాడికే కలిసొస్తుందనీ పరిశోధకుల అనుమానం.

చివరికి టెక్సాస్ రాష్ట్రమే వెనక్కి తగ్గింది. ఊళ్లు పిల్లలకు ఇలాంటి కర్ఫ్యూలు పెట్టకూడదని చట్టం చేసింది. 2023 సెప్టెంబర్ 1 నుంచి డాలస్‌లోనూ ఆ నిబంధన చెల్లదు. షికాగోలో మాత్రం 18 ఏళ్లు నిండనివాళ్లకు రాత్రి 10 గంటల కర్ఫ్యూ కొనసాగుతోంది. అరగంట ముందు చెప్పి ఎక్కడైనా కర్ఫ్యూ పెట్టే అధికారం పోలీసులకివ్వాలని 2025లో కౌన్సిల్ తీర్మానిస్తే, మేయర్ వీటో చేశారు.

మన దగ్గరా వచ్చింది

మనకిలాంటి కర్ఫ్యూ లేదు గానీ, ఆ ఛాయ ఒకటి కనిపించింది. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. తర్వాతి నెలలో, 16 ఏళ్లలోపు పిల్లలను ఉదయం 11కి ముందు, రాత్రి 11 తర్వాత సినిమాలకు అనుమతించొద్దని తెలంగాణ హైకోర్టు తాత్కాలికంగా ఆదేశించింది. మల్టీప్లెక్స్‌ల వాళ్లు కోర్టుకెళ్లడంతో మార్చిలో ఆ ఆంక్ష తొలగిపోయింది.

అంటే బంతి మళ్లీ మన కోర్టులోకే వచ్చింది. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరితో, తిరిగి ఎవరు తీసుకొస్తారు... ఈ మూడూ ఇంట్లోనే మాట్లాడుకోవాలి. టైమ్ కూడా పిల్లలతో కలిసే పెట్టుకుంటే, వాళ్లు దాన్ని తమ మాటగా నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ. మీవాళ్లు అమెరికాలో ఉంటే ఇంకో జాగ్రత్త: అక్కడ ఊరు మారితే రూల్ మారుతుంది. ఇల్లు మారిన వెంటనే ఆ ఊరి టైమింగ్స్ కనుక్కోమని చెప్పండి.