తొలి విదేశీ ప్రయాణం: శరీర గడియారానికి ఓడ ఇచ్చిన వ్యవధి

కోల్‌కతాకు దక్షిణంగా, హుగ్లీ నది తూర్పు గట్టున ఉన్న బడ్జ్ బడ్జ్ పేరు వింటే ఇప్పుడు చాలామందికి జనపనార మిల్లులు, చమురు నిల్వ ట్యాంకులు గుర్తుకొస్తాయి. 1897 ఫిబ్రవరిలో మద్రాసు నుంచి ఓడలో వచ్చిన స్వామి వివేకానంద నేలమీద దిగి రైలెక్కింది ఇక్కడే. ఫిబ్రవరి 19న ఆ రైలు ఆయన్ను సియాల్దా స్టేషన్‌కు చేర్చింది. 1893 మే 31న బొంబాయి రేవులో మొదలైన ప్రయాణం అలా ముగిసింది.

బయలుదేరేనాటికి ఆయన వయసు 30 ఏళ్లు. అప్పటికే కాలినడకన, రైళ్లలో దేశమంతా తిరిగారు. పడమటి దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నదీ 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో చేసిన ప్రసంగంలో చెప్పారు. కానీ దేశం దాటడం అదే మొదటిసారి. ఆయన ప్రసంగాల గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఆ ప్రయాణంలో శరీరానికీ మెదడుకూ ఎదురైన పరీక్షల మీద మాత్రం పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు.

ముందుగా నిద్ర సంగతి. మెదడు అడుగు భాగాన, హైపోథాలమస్‌లో సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. అందులో దాదాపు 20 వేల నాడీకణాలు ఉంటాయి. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఆకలి వేయాలి, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి అన్నది నడిపించే గడియారం అదే. రోజూ కంటిలో పడే వెలుగును బట్టి అది తనను తాను సరిచేసుకుంటుంది. అయితే ఈ సవరణకు ఒక హద్దుంది. స్థూలంగా చెప్పాలంటే రోజుకు ఒక గంట. అంతకు మించి సమయం మారితే వచ్చే అవస్థనే జెట్ లాగ్ అంటున్నాం. ఈ గడియారాన్ని తిప్పే జన్యువుల గుట్టు విప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

వివేకానంద 1893 జూలై 14న జపాన్‌లోని యోకొహామాలో ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ ఓడ ఎక్కి 25న కెనడాలోని వాంకూవర్ చేరారు. క్యాలెండర్‌లో చూస్తే 11 రోజులు. తూర్పుగా వెళ్తూ అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు ఒక తేదీ రెండుసార్లు వస్తుంది కనుక నిజానికి 12 రోజులు. ఈ రెండు ఊళ్ల మధ్య దాదాపు 97 డిగ్రీల రేఖాంశాల తేడా ఉంది. 15 డిగ్రీలకు ఒక గంట చొప్పున సూర్యుడి లెక్కలో సుమారు ఆరున్నర గంటలు. దాన్ని 12 రోజులకు పంచితే రోజుకు అరగంటకు కాస్త ఎక్కువ. శరీర గడియారం తేలిగ్గా సర్దుకోగల మార్పు ఇది. ఓడ నెమ్మదిగా నడవడమే వైద్యమైంది! ఇప్పుడు టోక్యో నుంచి వాంకూవర్‌కు విమానం సుమారు తొమ్మిది గంటల్లో వెళ్తుంది. ప్రయాణికుడు దిగుతాడు కానీ, అతని గడియారం ఇంకా జపాన్‌లోనే ఉంటుంది.

తూర్పు ప్రయాణం కష్టమనడానికి ఇంకో కారణం ఉంది. మనిషి లోపలి గడియారం సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. కాబట్టి ఆలస్యంగా పడుకోవడం దానికి సులువు, పెందలాడే నిద్రపోవడం కష్టం.

ఓడ ఆదుకోలేనిది చలి విషయంలో. యోకొహామా నుంచి వాంకూవర్‌కు దగ్గరి దారి పటంలో కనిపించే తిన్నని గీత కాదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఆ దారి ఉత్తరానికి వంగుతుంది. అక్కడి పసిఫిక్ గాలులు జూలైలోనూ చల్లగానే ఉంటాయి. వివేకానంద వెంట తగిన ఉన్ని దుస్తులు లేవు, బాగా ఇబ్బంది పడ్డారు. మనిషి శరీరం వేడికి ఒకటి రెండు వారాల్లో చక్కగా అలవాటు పడుతుంది: చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చలికి అంతగా అలవాటు పడే ఏర్పాటు మనకు లేదు. ఉష్ణమండలంలో పుట్టిన జీవికి చలికాలంలో అండ దుస్తులూ నిప్పూ మాత్రమే.

అదే ఓడలో ఉన్న జంషెట్జీ టాటాతో జరిగిన సంభాషణను 1898లో టాటా ఒక లేఖలో గుర్తుచేశారు. ఆయన తలపెట్టిన పరిశోధన సంస్థ 1909లో బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థగా రూపుదిద్దుకుంది. ఒంటరి ప్రయాణికుడు పక్కవారిని పలకరించక తప్పదు. ఆ అవసరం ఒక్కోసారి ఇలాంటి పరిచయాలకు దారితీస్తుంది.

ఇక దారి తప్పడం. సర్వమత సభకు కొద్దిరోజుల ముందు చికాగోలో దిగిన వివేకానంద దగ్గర నిర్వాహకుల చిరునామా కాగితం పోయింది. ఆ రాత్రి రైల్వే గూడ్స్ యార్డులో తలదాచుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. కొత్త ఊరిలో మెదడుకు పటం ఉండదు, నడుస్తూ గీసుకోవాల్సిందే. హిప్పోకాంపస్‌లో ఒక్కో చోటికి ఒక్కో కణం స్పందిస్తుందని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో గుర్తించారు. దూరాలను కొలతబద్దలా లెక్కించే గ్రిడ్ కణాలను 2005లో మోజర్ దంపతులు కనుగొన్నారు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ప్రతి మలుపు దగ్గరా తానే నిర్ణయం తీసుకునేవారికి దారి బాగా గుర్తుంటుంది, వెనక సీట్లో కూర్చున్నవారికి అంతగా ఉండదు. ఒంటరిగా తిరిగేవారికి ఈ లాభం ఉంది.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం కూడా పిరికితనం కాదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ భాగం కుడి భాగమంత లోతుగా నిద్రపోదు. వింత శబ్దం వినిపిస్తే లేపడానికి కాపలా కాస్తున్నట్టు ఉంటుంది.

బడ్జ్ బడ్జ్‌కు మరో ఓడ తిరిగి రావడం మాత్రం దుఃఖగాథ. జన్మించిన దేశం నుంచి ఆగకుండా నేరుగా వచ్చినవారినే అనుమతిస్తామన్న కెనడా నిబంధన వల్ల ‘కొమగాటా మారు’ ప్రయాణికులను 1914లో వాంకూవర్ నుంచి తిప్పి పంపారు. 376 మందిలో అత్యధికులు సిక్కులు. సెప్టెంబరు 29న బడ్జ్ బడ్జ్‌లో పోలీసు కాల్పుల్లో దాదాపు 20 మంది మరణించారు. శరీరం కోరుకునే మజిలీలే ఆ చట్టం దృష్టిలో అనర్హత అయ్యాయి.

నేడు తొలిసారి ఒంటరిగా వెళ్లేవారికి ఓడ ఇచ్చిన వ్యవధి దొరకదు. దాన్ని కొంతవరకు ఇంటి దగ్గరే సంపాదించుకోవచ్చు. హైదరాబాద్ కంటే టోక్యో మూడున్నర గంటలు ముందుంటుంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి రోజుకో గంట చొప్పున త్వరగా పడుకుని, త్వరగా లేచి, ఉదయపు ఎండలో కాసేపు నడిస్తే ఆ తేడాలో ఎక్కువ భాగం విమానం ఎక్కకముందే తీరిపోతుంది.