‘సిస్టంలో అలా చూపిస్తోంది’

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతిలో ఓ కరపత్రం పడుతుంది. ఒకప్పుడు వాటి మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ అని ఉండేది. తర్వాత జావా, ఒరాకిల్, శాప్ వచ్చాయి. ఇప్పుడు డేటా సైన్స్, జెన్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజనీరింగ్. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉంటూ పొద్దున ఏడింటి బ్యాచ్‌కి పరుగెత్తే పిల్లలకు ఆ కోర్సే ఉద్యోగానికి దారి. దాని ఫీజు వెనక ఊళ్లో నాన్న చేసిన అప్పు ఉంటుంది. వాళ్లు నేర్చుకోవాల్సిందే.

ఆ హాస్టల్లోనే వంట చేసే ఆమెకు, మెట్రో మెట్ల దగ్గర పూలమ్మే అవ్వకు మాత్రం కృత్రిమ మేధ గురించి ఎవరూ కరపత్రం ఇవ్వరు. వాళ్లకెందుకులే అనుకుంటాం. నన్నడిగితే ముందు తెలియాల్సింది వాళ్లకే. ఎందుకో చెప్పడానికి రేషన్ కార్డు సంగతి ఒక్కటి చాలు.

తెలంగాణ ప్రభుత్వానికి ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను, అంటే వాహనాలు, ఆస్తులు, ఉద్యోగాలు, కరెంటు కనెక్షన్ల వంటివాటిని ఒకచోట కలిపి, ఒక్కో మనిషికీ ఒక్కో చిత్రం తయారుచేస్తుంది. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే దీన్ని మెచ్చుకోలుగా ప్రస్తావించింది. దాదాపు 25 ప్రభుత్వ జాబితాలను పేరు, చిరునామా ఆధారంగా కలుపుతున్నారని అందులో రాశారు. కారున్నవాళ్లు పేదల బియ్యం తీసుకుంటున్నారేమో కనిపెట్టడానికి ఈ వ్యవస్థను వాడారు. ఉద్దేశంలో తప్పేమీ లేదు.

చిక్కంతా ఆ ‘పేరు, చిరునామా’ దగ్గరే ఉంది. మన పేర్లు ఎలా ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. ఎస్.ఆర్. నగర్ బస్టాపులో నిలబడి “శ్రీనివాస్” అని గట్టిగా పిలిస్తే కనీసం ఇద్దరు వెనక్కి తిరుగుతారు. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే, మూడోదాంట్లో అసలు ఉండదు. లక్ష్మి పేరును ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఒక గుమాస్తా ‘ఎక్స్’ పెడతాడు, ఇంకొకరు ‘కె, ఎస్, హెచ్’ పెడతారు. వెంకటేశ్వర్లు అయితే చెప్పనక్కర్లేదు, ఆఫీసుకో స్పెల్లింగు. చిరునామా కాలమ్‌లో ‘గుడి వెనక’ అని ఉంటుంది. ఇల్లు మారినా పాత అడ్రసే కొనసాగుతుంది.

అందుకని కంప్యూటరు అక్షరం అక్షరం పోల్చి ఊరుకోదు. ఈ రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తున్నాయా, చిరునామాలు దగ్గరగా ఉన్నాయా, తండ్రి పేరు కలుస్తోందా అని చూసి ఒక్కోదానికీ కొన్ని మార్కులు వేస్తుంది. మొత్తం మార్కులు ఒక గీత దాటితే ‘ఇద్దరూ ఒక్కరే’ అంటుంది. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది మనుషులే. గీత కిందికి దించితే దొంగలు ఎక్కువమంది దొరుకుతారు, వాళ్లతో పాటు అమాయకులూ ఎక్కువమంది చిక్కుతారు. పైకి జరిపితే ఇద్దరూ తప్పించుకుంటారు. ఏ తప్పును భరిద్దాం, ఎవరి నెత్తిన వేద్దాం అన్నది లెక్కల ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. దాన్ని జనం ముందు పెట్టి తేల్చుకోవాలి. ఇక్కడ అలా జరగలేదు.

హైదరాబాద్‌లోనే రిక్షా తొక్కి బతికిన ఒక మనిషి పేరు, కారున్న వేరే మనిషి పేరుతో కలిసిపోయింది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. యంత్రం వేసింది అంచనా. అది డీలరు దగ్గరికి, మీసేవ కేంద్రం దగ్గరికి చేరేసరికి తీర్పు అయిపోయింది. “సిస్టంలో అలా చూపిస్తోందమ్మా, మేమేం చేయలేం.” ఈ మాట మీరూ వినే ఉంటారు.

2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు, అంటే రేషన్ కార్డులు, రద్దయ్యాయి. ముందుగా నోటీసు కూడా ఇవ్వలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. రద్దయిన కార్డులను మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి అధికారులు 2,05,734 విన్నపాలు పరిశీలించి, 15,471 కుటుంబాలు అర్హులేనని ఒప్పుకున్నారు. అంటే పరిశీలించిన ప్రతి పదమూడు ఇళ్లలో ఒకటి అన్యాయంగా కార్డు పోగొట్టుకుంది. నూటికి ఏడో ఎనిమిదో తప్పులే కదా అనిపించవచ్చు. ఆ ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టే మనిషికి అది నూటికి నూరు.

సమగ్ర వేదిక సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో చూపమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, తయారుచేసిన కంపెనీ హక్కుల పేరు చెప్పి ఇవ్వలేదు. జనం సొమ్ముతో, జనం వివరాలతో, జనం తిండి గురించి నిర్ణయం తీసుకునే యంత్రం ఎలా పనిచేస్తుందో జనానికి చెప్పకపోవడం తప్పు. ఇందులో రెండో మాట లేదు.

నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటి వ్యవస్థ ఒకటి ఉండేది. పేరు సిరి. సంక్షేమ పథకాల్లో మోసం చేసే అవకాశం ఎవరికుందో అది ఊహించేది. పౌర సంఘాలు, ఒక పెద్ద కార్మిక సంఘం కలిసి కోర్టుకు వెళ్తే, 2020 ఫిబ్రవరిలో హేగ్ జిల్లా కోర్టు దాన్ని ఆపించింది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లు సరిచూసుకునే వీలు లేకపోవడం కోర్టు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. కోర్టుకెళ్లి అడిగినవాళ్లందరూ ఇంజనీర్లేం కాదు. ఏం అడగాలో వాళ్లకు తెలుసు. ఆ అవగాహన నేర్పితే వస్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం 2018లోనే సామాన్యుల కోసం ఉచితంగా ఒక ఏఐ పాఠం పెట్టింది. దేశ జనాభాలో ఒక శాతానికైనా నేర్పాలన్నది మొదటి లక్ష్యం.

మనకు ఇలాంటి పాఠం చెప్పడానికి అమీర్‌పేట కంటే మంచి చోటు ఎక్కడుంది? కఠినమైన విషయాన్ని తెలుగు కలిపి, బోర్డు మీద బొమ్మ గీసి, డిగ్రీ తప్పినవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పగలిగే మాస్టార్లు ఈ వీధుల్లోనే ఉన్నారు. ఆదివారం ఒక గంట డెమో క్లాసు ఉద్యోగం కోసం కాకుండా ఇరుగుపొరుగు కోసం పెట్టండి. హాస్టల్ పిల్లలూ, సెలవుకు ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఒక్క సంగతి చెప్పండి: కంప్యూటరు చెప్పేది అంచనా, దాన్ని ప్రశ్నించవచ్చు.

మీ కార్డో పింఛనో ఆగిపోతే, ‘సిస్టం’ అనే జవాబుతో వెనక్కి రాకండి. ఏ శాఖ రికార్డు చూసి ఆపారు, అందులో ఉన్నది నేనేనని ఎవరు సరిచూశారు, ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడగండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటితో అడిగి ఊరుకోవద్దు, కాగితం మీద రాసివ్వండి. దాని నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి.